ఇంగ్లండ్‌లో మా అన్నయ్యను లైసెన్స్ నుంచి మళ్ళీ జైలుకు రప్పించారు: లాయరు అవసరమా, కాగితాలన్నీ చూపిస్తారా?

లైసెన్స్ మీద, అంటే శిక్షలో మిగిలిన కాలానికి షరతులతో విడుదలై, బయట ఉన్న మీ అన్నయ్యను రీకాల్ చేశారని, లాయరు కావాలా అని, వాళ్ళ దగ్గరున్న కాగితాలన్నీ ఇస్తారా అని అడిగారు. లాయరు కావాలండీ, ఈ వారంలోనే. 2021లో మా తమ్ముడికి ఇదే జరిగింది.

నేను చేసిన తప్పు ముందు చెప్తాను. రీకాల్ కారణాల కాగితం చూడగానే, ఎవరినీ అడక్కుండా కోపంతో మూడు పేజీలు రాసి పంపేశాను. వాడు మంచివాడని, అమ్మకు ఒంట్లో బాగోలేదని, అన్నీ రాశాను. వాళ్ళు మోపినదానికి జవాబు మాత్రం రాయలేదు.

ఎందుకు రప్పించారో ఖైదీకి చెప్పాలి. దానిమీద రాతపూర్వకంగా తన మాట చెప్పుకునే హక్కూ అతనికుంది. 2003 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టం 254వ సెక్షన్ అది. కానీ విడుదల చేయాలా వద్దా అని తేల్చే పెరోల్ బోర్డు చదివేది డోసియర్‌ని, అంటే కేసు కాగితాల కట్టని. మావాడి డోసియర్‌లో ‘రాత్రుళ్ళు ఇంట్లో ఉండటం లేదు’ అని ఒక్క వాక్యం. లాయరమ్మ దానికింద పెన్సిల్‌తో గీత గీసి, ‘ఆ రాత్రుళ్ళు ఎక్కడున్నాడు?’ అని అడిగారు. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్. బయట తనను పర్యవేక్షించే ప్రొబేషన్ ఆఫీసరుకు మెసేజ్ కూడా పెట్టాడు. పేస్లిప్పులు, ఆ మెసేజ్ ఫొటో నా మూడు పేజీలకన్నా ఎక్కువ పనిచేశాయి.

ఇక కాగితాల సంగతి. చాలావరకు చూపించాలి. దేశభద్రత, నేరాలు, గొడవలు జరగకుండా చూడటం, ఖైదీకో ఇంకొకరికో ఆరోగ్యానికి, క్షేమానికి హాని, ఇలాంటి కారణాలుంటేనే, అదీ అవసరమైనంత మేరకే దాచొచ్చు. ఒక్కోసారి ఖైదీకి చెప్పకూడదన్న షరతుతో లాయరుకే ఇస్తారు. మాకు అదే ఎదురైంది. ‘చూశాను, చెప్పలేను’ అని ఆవిడ అనగానే, తమ్ముడు నాకు ఫోన్ చేసి ‘అక్కా, ఈవిడ ఎవరి తరఫు?’ అని ఏడ్చాడు. ఆవిడ మా తరఫే. సారాంశమైనా ఇవ్వమని బోర్డుకు రాసి నాలుగు లైన్లు తెప్పించారు. వాటిని చూశాకే వాడు జవాబు చెప్పగలిగాడు. లాయరు లేకపోతే ఆ నాలుగు లైన్లు అడగాలని కూడా మాకు తెలిసేది కాదు.

బోర్డు కాగితాలు మాత్రమే చూసి విడుదల కాదన్నా కుంగిపోకండి, ముఖాముఖి విచారణ అడగొచ్చు. న్యాయంగా ఉండాలంటే విచారణ అవసరమైన చోట బోర్డు అది జరపాల్సిందేనని, విడుదల అవకాశం తక్కువన్న కారణంతో కాదనకూడదని 2013లో ఆస్‌బోర్న్ కేసులో యూకే సుప్రీంకోర్టు చెప్పింది.

ఫీజు గురించి టెన్షన్ పడకండి. బోర్డు కేసులకు లీగల్ ఎయిడ్ (ప్రభుత్వ ఖర్చుతో లాయరు సాయం) ఉంది, ఆదాయం చూసి ఇస్తారు. మామూలు క్రిమినల్ లాయరు కాకుండా జైలు కేసులు చేసేవారినే వెతకండి. మీతో మాట్లాడటానికి ఒప్పుకుంటున్నట్టు అన్నయ్యతో సంతకం పెట్టించండి. అది లేక మొదటి రెండు వారాలు లాయరు నాతో ఒక్క మాట కూడా చెప్పలేకపోయారు.