సమాధానం: రంగు తేడా చాలదు, మగ పురుగును విప్పి చూడండి

ద్వీపంలో దొరికిన మీ ఆకు పెంకుపురుగు ప్రధాన భూభాగంలోని బంధువుకన్నా నల్లగా ఉంది, ఎగిరే రెక్కలు కురచగా ఉన్నాయి, కొత్త జాతి అనవచ్చా అని అడిగారు. ఆ రెండే ఆధారాలైతే ఆగండి. ఈ ఆకు పెంకుపురుగుల కుటుంబమైన క్రైసోమెలిడేలో ఒకే జాతిలో ఎర్రటివీ నల్లటివీ ఉండడం మామూలే. కురచ రెక్కలూ అంతే, కొన్ని జాతుల్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి.

అసలు సాక్ష్యం మగ పురుగు జననాంగం. ఎండిన నమూనాను వేడినీటిలో మెత్తబరచి, ఉదరాన్ని విడదీసి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచండి. కండ కరిగి గట్టి భాగాలు మిగులుతాయి. ఈడియాగస్‌ను, అంటే మగ పురుగు సంభోగాంగాన్ని, పైనుంచే కాక పక్కనుంచి కూడా గీయండి. చాలామంది ఇదే వదిలేస్తారు, వంపు తెలిసేదేమో పక్కనుంచే! ఆడవాటిలో స్పెర్మథీకా (వీర్యాన్ని నిల్వ చేసే సంచి) ఆకారం చూడండి. పోల్చవలసింది పుస్తకంలోని బొమ్మతో కాదు, ఇప్పటికే తెలిసిన ఆ బంధు జాతి టైపు నమూనాతో, అంటే ఆ జాతి పేరుకు ఆధారంగా నిలిచిన అసలు నమూనాతో. అది ఉన్న మ్యూజియాన్ని ఫొటోలు అడగండి.

ఆకు మీద వాలినంత మాత్రాన అది ఆహార మొక్క కాదు. కొరుకుతుండగా చూస్తేనే అలా రాయండి.

కొత్త జాతి వర్ణనలో హోలోటైపును (ఆ పేరుకు ఆధారంగా ఎంచుకున్న ఒకే ఒక నమూనాను) స్పష్టంగా ప్రకటించి, అది ఏ సంగ్రహాలయంలో ఉంటుందో చెప్పాలి. 2000 నుంచి ఇది తప్పనిసరి. ఆన్‌లైన్‌లో మాత్రమే ప్రచురిస్తే, జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ రిజిస్టరు జూబ్యాంక్‌లో నమోదైనట్టు వ్యాసంలోనే కనిపించాలి. లేకపోతే ఆ పేరు అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి లెక్కలోకే రాదు.