జిల్లా మార్చినా పాత మండలాలే వస్తుంటే ఏం చేయాలి?

మీరు అడిగినవి మూడు విషయాలు. జిల్లా డ్రాప్‌డౌన్ మార్చినప్పుడు అప్పుడప్పుడు వేరే జిల్లా మండలాలు కనిపిస్తున్నాయి. సేవ్ చేసిన దరఖాస్తును ఎడిట్‌కు తెరిస్తే జిల్లా సరిగ్గా వస్తోంది, మండలం ఖాళీగా ఉంటోంది. కోడ్‌తో జిల్లాను సెట్ చేస్తే చేంజ్ ఈవెంట్ అసలు రావడమే లేదు.

నేను ఒక స్కాలర్‌షిప్ దరఖాస్తుల అప్లికేషన్‌ను చాలాకాలం చూసుకున్నాను. అందులో రాష్ట్రం, జిల్లా, మండలం, గ్రామం అని నాలుగు డ్రాప్‌డౌన్లు ఉండేవి. మీరు చెప్పినవన్నీ ఆ ఫారంలో ఎదురయ్యాయి. చూడ్డానికి మూడు వేర్వేరు బగ్గుల్లా ఉంటాయి గానీ మూలం ఒక్కటే. మండలాలు నింపే పని మొత్తాన్ని చేంజ్ హ్యాండ్లర్ (చేంజ్ ఈవెంట్ వచ్చినప్పుడు నడిచే కోడ్) లోపలే పెట్టేయడం వల్ల ఇవి పుడతాయి.

మూడో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే అది అర్థమైతే మిగతా రెండూ తేలిక. చేంజ్ ఈవెంట్ అంటే "వాడేవారు ఎంపిక మార్చారు" అని బ్రౌజర్ మనకు చెప్పే కబురు. జావాస్క్రిప్ట్‌తో మనమే విలువ పెడితే బ్రౌజర్ ఆ కబురు పంపదు. ఇది బ్రౌజర్ లోపం కాదండీ, కావాలనే అలా పెట్టారు. మన కోడ్ పెట్టిన ప్రతి విలువకూ ఈవెంట్ వస్తే, హ్యాండ్లర్‌లో విలువ మార్చిన ప్రతిసారీ అదే హ్యాండ్లర్ మళ్లీ నడిచి అంతులేకుండా తిరుగుతుంది. అలాగే ఇప్పటికే ఎంచుకుని ఉన్న జిల్లానే మళ్లీ ఎంచుకున్నా చేంజ్ రాదు, మారిందేమీ లేదు కాబట్టి.

చాలామంది దీనికి దొంగదారి ఒకటి వెతుకుతారు. విలువ పెట్టాక డిస్పాచ్ ఈవెంట్‌తో చేతులారా ఒక చేంజ్ పుట్టిస్తారు. పని జరుగుతుంది. కానీ ఆ చేంజ్‌ను వింటున్న వాళ్లు ఇంకెవరో ఉంటారు. "సేవ్ చేయని మార్పులున్నాయి" అని హెచ్చరించే కోడ్ ఒకటి, ఆటోసేవ్ ఒకటి. ఎడిట్ పేజీ తెరవగానే, వాడేవారు ఏమీ ముట్టుకోకముందే, దరఖాస్తు మారిపోయినట్టు అవి నమోదు చేసుకుంటాయి. అందుకే నేను ఆ దారిని వద్దంటాను.

దానికి బదులు ఒక ఫంక్షన్ రాయండి. దానికి రెండు విషయాలు ఇవ్వాలి: ఏ జిల్లా, నింపాక ఏ మండలం ఎంచుకుని ఉండాలి. అది చేసే పని పాత మండలాలను తీసేయడం, కొత్తవి తెచ్చి నింపడం, చెప్పిన మండలం జాబితాలో ఉంటే దాన్ని ఎంచడం. చేంజ్ హ్యాండ్లర్ ఆ ఫంక్షన్‌ను పిలిచే ఒక్క వాక్యంగా మిగలాలి, అక్కడ మండలం ఖాళీగా పంపాలి. ఎడిట్ పేజీ తెరిచినప్పుడు అదే ఫంక్షన్‌ను సేవ్ అయిన జిల్లా, సేవ్ అయిన మండలంతో పిలవాలి. కోడ్‌తో జిల్లా మార్చాల్సిన ప్రతిచోటా ఇలాగే. ఈవెంట్ వచ్చిందా రాలేదా అన్న టెన్షన్ ఇక ఉండదు.

ఇప్పుడు ఎడిట్ పేజీలో మండలం ఎందుకు ఖాళీ అవుతోందో చూద్దాం. సాధారణ కారణం వరుస తప్పడం. మండలాల జాబితా సర్వర్ నుంచి ఇంకా రాకముందే మీ కోడ్ మండలం విలువ పెట్టేస్తోంది. జాబితాలో లేని విలువను పెడితే డ్రాప్‌డౌన్ ఏ ఎర్రరూ చూపదు. సెలెక్టెడ్ ఇండెక్స్, అంటే ఎంచుకున్న ఆప్షన్ వరుస సంఖ్య, మైనస్ 1 అవుతుంది, విలువ ఖాళీ అవుతుంది, అంతే. జాబితా ఆ తర్వాత వచ్చినా మీరు పెట్టిన విలువ దానికి గుర్తుండదు. పైన చెప్పిన ఫంక్షన్ అసింక్‌గా, అంటే సర్వర్ జవాబు కోసం ఆగేలా రాసి, జవాబు వచ్చి ఆప్షన్లు నిండాకే మండలం ఎంచితే ఇది పోతుంది.

కానీ వరుస సరిచేశాక కూడా కొన్ని దరఖాస్తుల్లో మండలం ఖాళీగానే రావచ్చు. దీన్ని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. మన రాష్ట్రాల్లో జిల్లాలు మారాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. అంతకు ముందు నందిగామ మండలం కృష్ణా జిల్లాలో ఉండేది, ఆ రోజు నుంచి ఎన్టీఆర్ జిల్లాలోకి వెళ్లింది. 2021లో ఒక విద్యార్థి కృష్ణా, నందిగామ అని ఇచ్చిన దరఖాస్తును ఇప్పుడు తెరిస్తే ఏమవుతుంది? కృష్ణా జిల్లా కొత్త జాబితాలో నందిగామ లేదు. డ్రాప్‌డౌన్ నిశ్శబ్దంగా ఖాళీ అవుతుంది. ఆ విద్యార్థి ఫోన్ నంబర్ మార్చుకోవడానికి వచ్చి సేవ్ నొక్కితే, మండలం తప్పనిసరి కాని ఫారంలో ఉన్న వివరమే పోతుంది. తప్పనిసరి అయితే, తాను ముట్టుకోని గడి దగ్గర ఎర్ర అక్షరాలు చూసి బిత్తరపోతారు.

తెలంగాణలో ఇంకా చిక్కు ఉంది. రాష్ట్రం ఏర్పడినప్పుడు 10 జిల్లాలు, 2016 అక్టోబర్ 11న 31 అయ్యాయి, 2019లో ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. 2021లో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండగా, వరంగల్ రూరల్ పేరు వరంగల్‌గా మార్చారు. అంటే డేటాబేస్‌లో "వరంగల్" అని పేరు మాత్రమే దాచి ఉంటే, అది 2016కు ముందు నాటి పెద్ద జిల్లానా, 2021 తర్వాతి జిల్లానా అన్నది దరఖాస్తు తేదీ చూస్తే తప్ప తెలియదు.

కాబట్టి ఆప్షన్ విలువగా పేరు వాడొద్దు, కోడ్ వాడండి. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ నిర్వహించే లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో జిల్లాలకు, మండలాలకు, గ్రామాలకు కోడ్లు ఉన్నాయి. పేర్ల మీద ఆధారపడితే ఇంకో ప్రమాదం కూడా ఉంది. నందిగామ అన్న పేరుతో రంగారెడ్డి జిల్లాలోనూ మండలం ఉంది. కొత్తపల్లి, రామాపురం లాంటి ఊళ్ల పేర్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఇక సేవ్ అయిన మండలం కొత్త జాబితాలో దొరకనప్పుడు మీ ఫంక్షన్ చూసీ చూడనట్టు వదిలేయకూడదు. మేము ఆ పాత పేరునే జాబితాలో పైన ఒక ఆప్షన్‌గా చూపించి, పక్కన "పాత జిల్లా ప్రకారం" అని రాశాం. కింద "మీ మండలం ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో చూసి మళ్లీ ఎంచుకోండి" అని ఒక వాక్యం పెట్టాం. పాత మండలం ఏ కొత్త జిల్లాకు వెళ్లిందో పట్టిక మీ దగ్గర ఉంటే జిల్లాను కూడా మీరే సూచించవచ్చు, కానీ వాళ్లు ఒప్పుకున్నాకే మార్చండి.

వేరే జిల్లా మండలాలు కనిపించడానికి కారణం ఆలస్యంగా వచ్చే జవాబు. ఒకరు ఖమ్మం ఎంచుకుని, పొరపాటు గమనించి వెంటనే ములుగుకు మార్చారనుకోండి. సర్వర్‌కు రెండు రిక్వెస్టులు వెళ్తాయి. ములుగు జవాబు ముందు వచ్చి, ఖమ్మం జవాబు తర్వాత వస్తే, ములుగు కింద ఖమ్మం మండలాలు నిండుతాయి. ఆఫీసులో వేగమైన నెట్ మీద ఇది దాదాపు కనిపించదు. సిగ్నల్ తడబడే ఊళ్లో ఫోన్ మీద నింపేవారికి కనిపిస్తుంది. అందుకే డెవలపర్లు "మా దగ్గర బాగానే వస్తోంది" అంటారు, ఫిర్యాదులు మాత్రం ఆగవు.

దీనికి రెండు జాగ్రత్తలు కలిపి తీసుకోండి. కొత్త రిక్వెస్ట్ పంపే ముందు అబార్ట్ కంట్రోలర్‌తో పాతదాన్ని రద్దు చేయండి. జవాబు రాగానే, అది ఏ జిల్లా కోసం అడిగామో ఆ జిల్లాయే ఇప్పుడు ఎంచుకుని ఉందా అని పోల్చి చూడండి, కాకపోతే పారేయండి. రద్దు చేసినప్పుడు వచ్చే అబార్ట్ ఎర్రర్‌ను మామూలు నెట్‌వర్క్ ఎర్రర్‌లా చూపిస్తే వాడేవారు కంగారు పడతారు, దాన్ని విడిగా పట్టుకోండి.

ఇక్కడే అన్నిటికంటే ముఖ్యమని నేను నమ్మే మాట ఒకటి. జిల్లా మారిన ఆ క్షణమే, సర్వర్ జవాబు కోసం ఎదురుచూడకుండా, పాత మండలాన్ని తుడిచేయండి. డ్రాప్‌డౌన్‌ను డిజేబుల్ చేసి "మండలాలు వస్తున్నాయి" అని చూపండి. రిక్వెస్ట్ విఫలమైతే మళ్లీ ప్రయత్నించే బటన్ ఇవ్వండి. ఖాళీ గడిని ఎవరైనా గమనిస్తారు, నింపుతారు. ములుగు పక్కన ఖమ్మం జిల్లా మండలం సేవ్ అయితే మాత్రం ఎవరి కంటా పడదు, వెరిఫికేషన్ దశలో దరఖాస్తు తిరస్కరించే దాకా. నష్టపోయేది ఆ పిల్లలు. ఇంకో సంగతి, డిజేబుల్ అయిన డ్రాప్‌డౌన్ విలువ ఫారంతో పాటు సర్వర్‌కు వెళ్లదు. కాబట్టి జాబితా వచ్చాక దాన్ని మళ్లీ ఎనేబుల్ చేయడం మరవకండి, రాకముందు సబ్మిట్ నొక్కనివ్వకండి.

నిజానికి మండలాల వరకు రిక్వెస్టే అక్కర్లేదు. రెండు రాష్ట్రాల మండలాలూ కలిపితే సుమారు 1,300. కోడ్, పేరు, జిల్లా కోడ్ మాత్రమే పెట్టి పేజీతో పాటు ఒకేసారి పంపితే చిన్న ఫైలే. అప్పుడు జిల్లా మార్చగానే జాబితా అక్కడికక్కడే మారుతుంది, ఆలస్యపు జవాబు సమస్యే ఉండదు. గ్రామాలు వేలల్లో ఉంటాయి కాబట్టి వాటికి మాత్రం మండలం ఎంచుకున్నాక అడగండి.

కీబోర్డుతో నింపేవారిని కూడా తలుచుకోండి. మీసేవ కేంద్రాల్లో రోజంతా ఫారాలు నింపే ఆపరేటర్లు మౌస్ తక్కువే వాడతారు, ట్యాబ్ కొట్టి కింది బాణం నొక్కుకుంటూ పోతారు. విండోస్‌లో క్రోమ్ మీద డ్రాప్‌డౌన్ తెరవకుండా బాణం నొక్కితే ప్రతి నొక్కుకూ ఎంపిక మారుతుంది, ప్రతిసారీ చేంజ్ వస్తుంది. పదో జిల్లాకు చేరేలోపు పది రిక్వెస్టులు. మీ హ్యాండ్లర్‌లో చిన్న ఆగింపు, అంటే డీబౌన్స్, 200 నుంచి 300 మిల్లీసెకన్లు పెడితే సరిపోతుంది. తుడిచే పని మాత్రం ఆగకుండా వెంటనే జరగాలి. ఎంపిక మారగానే పేజీనే మార్చేయడం, ఫారం దానంతటదే సబ్మిట్ కావడం అసలు చేయొద్దు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాల్లో 3.2.2 నియమం దీని గురించే, ముందుగా చెప్పకుండా అలా చేయకూడదని. స్క్రీన్ రీడర్ వాడేవారు జాబితా మధ్యలో ఉండగానే కింద నేల కదిలిపోతుంది.

మీరు డ్రాప్‌డౌన్లకు సెలెక్ట్2 అనే ప్లగిన్ వాడుతున్నట్టు రాశారు, అందుకని ఇది కూడా చెప్పాలి. అది చేంజ్‌ను జేక్వెరీ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీ ద్వారా పుట్టిస్తుంది. యాడ్ ఈవెంట్ లిజనర్‌తో మీరు పెట్టిన లిజనర్‌కు అది వినపడదు. జేక్వెరీ ఆన్‌తో కట్టిన హ్యాండ్లర్‌కే వినపడుతుంది. రియాక్ట్‌కు మారే ఆలోచన ఉంటే, జిల్లా మార్చే హ్యాండ్లర్‌లోనే మండలం స్టేట్‌ను కూడా ఖాళీ చేయండి, ఎఫెక్ట్‌లో (రెండర్ అయ్యాక నడిచే కోడ్‌లో) చేయొద్దు. రెండూ ఒకే రెండర్‌లో మారతాయి, మధ్యలో తప్పు జంట తెర మీదకు రాదు. ఏఎస్‌పీ డాట్ నెట్ వెబ్ ఫారమ్స్ మీద ఉన్నవాళ్లు ఆటో పోస్ట్‌బ్యాక్ (ఎంపిక మారగానే పేజీని సర్వర్‌కు పంపే అమరిక) ఆన్‌లో ఉందో లేదో, పేజీ లోడ్‌లో డ్రాప్‌డౌన్‌ను ప్రతిసారీ బైండ్ చేస్తున్నారేమో చూసుకోవాలి. పేజీ మొదటిసారి తెరుచుకుంటోందా, సర్వర్‌కు తిరిగి వచ్చిందా అని చూసే ఈజ్ పోస్ట్‌బ్యాక్ పరీక్ష లేకపోతే ఎంచుకున్నది చెరిగిపోతుంది.

రీసెట్ బటన్ ఉంటే, అది నొక్కినప్పుడు డ్రాప్‌డౌన్లకు చేంజ్ రాదు, ఫారంకు రీసెట్ ఈవెంట్ వస్తుంది. అది విలువలు తిరగకముందే వస్తుంది కాబట్టి మీ ఫంక్షన్‌ను సున్నా టైమవుట్‌తో ఆ తర్వాత పిలవాలి. బ్యాక్ నొక్కి వెనక్కి వచ్చినప్పుడు బ్రౌజర్ పాత జిల్లాను గుర్తుపెట్టుకుని చూపించవచ్చు, అప్పుడు పేజీ తెర మీదకు వచ్చినప్పుడు వచ్చే పేజీషో ఈవెంట్‌లో జిల్లా విలువ చదివి అదే ఫంక్షన్‌ను పిలవండి.

బ్రౌజర్‌లో ఎంత చేసినా, సేవ్ చేసే ముందు సర్వర్‌లో ఆ మండలం కోడ్ ఆ జిల్లా కోడ్ కిందిదేనా అని చూడాల్సిందే. సరిచేశాక పరీక్షించడానికి డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ వేగాన్ని బాగా తగ్గించి, జిల్లాను వరుసగా నాలుగైదు సార్లు గబగబా మార్చి చూడండి. తర్వాత 2022కు ముందు నాటి కృష్ణా జిల్లా దరఖాస్తు ఒకటి ఎడిట్‌కు తెరవండి. ఈ రెండూ సరిగ్గా వచ్చాక కూడా మండలం తప్పుగా వస్తే మీ ఫంక్షన్‌ను ఇక్కడ పెట్టండి, చూస్తాను.