అక్కా, మాత్రలు ఇంకా ఆరే ఉన్నాయి

గత నవంబరులో ఒక ఆదివారం పొద్దున, రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి వచ్చేసరికి ఫోనులో ఒక సందేశం ఉంది. "అక్కా, నా మాత్రలు ఇంకా ఆరే ఉన్నాయి. ఇక్కడ సైకియాట్రిస్టు అపాయింట్‌మెంటు ఏడు వారాల తర్వాత దొరికింది. రోజు విడిచి రోజు వేసుకుని సరిపెట్టుకోవచ్చా?" పంపిన అమ్మాయి ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అమెరికా వచ్చింది.

నేను విజయవాడలో నర్సింగు చదివాను. పదిహేడేళ్ళుగా న్యూజెర్సీలో మానసిక వైద్య వార్డులో పనిచేస్తున్నాను. ఈ ప్రశ్న నాకు ఏటా ఈ కాలంలోనే వస్తుంది. మన పిల్లలు మూడు నెలల మందులు తెచ్చుకుంటారు. ఆగస్టులో వచ్చినవారికి నవంబరులో అయిపోతాయి. అప్పటికే చలి ముదిరి, సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతూ ఉంటుంది. పరీక్షలు నెత్తి మీదికి వస్తాయి. మనిషికి మందు అండ బాగా అవసరమైన వారంలోనే స్ట్రిప్పు ఖాళీ అవుతుంది. నా వార్డులో చూసిన తెలుగువారిలో మందు పనిచేయక వచ్చినవారు తక్కువ, మందు మధ్యలో తెగిపోయి వచ్చినవారు ఎక్కువ. అందుకే కొత్తగా వచ్చినవారు ఎవరు అడిగినా, మందు అయిపోయే రోజు ఏదో ముందు లెక్కపెట్టుకోమని చెబుతాను.

ఆ అమ్మాయికి వెంటనే ఫోను చేసి, రోజు విడిచి రోజు వద్దన్నాను. ఎస్సిటాలోప్రామ్, సెర్‌ట్రలీన్ వంటి డిప్రెషన్ మాత్రలను ఉన్నట్టుండి ఆపినా, ఇలా ఎగుడుదిగుడుగా వేసుకున్నా తల తిరగడం, వికారం, చిరాకు, పీడకలలు, తలలో కరెంటు పారినట్టు జివ్వుమనడం మొదలుకావచ్చు. పారాక్సిటీన్, వెన్లాఫాక్సిన్ మాత్రలతో ఈ బాధ మరీ ఎక్కువ. ఫ్లూయాక్సిటీన్ ఒంట్లో వారాల తరబడి నిలిచి ఉంటుంది కాబట్టి దానితో తక్కువ. దీన్ని చూసి "మందుకు బానిసనయ్యాను" అని చాలామంది భయపడతారు. అది బానిసత్వం కాదు. మందుకు అలవాటుపడిన మెదడు సర్దుకోవడానికి వ్యవధి కావాలి.

స్ట్రిప్పు మీద ఉన్న పేరు చదివించాక మాత్రం నా గుండె ఝల్లుమంది. అందులో ఉన్నది ఒక్క మందు కాదు, ఎస్సిటాలోప్రామ్‌తో పాటు ఆందోళన తగ్గించే క్లోనజెపామ్ కూడా ఉంది. మన దేశంలో ఈ రెండూ కలిపిన మాత్రలు విరివిగా అమ్ముడవుతాయి. అమెరికాలో అలాంటి మాత్ర లేదు. ఇక్కడ అవి వేర్వేరు మందులు, రెండో దాని మీద చట్టపరమైన నియంత్రణ ఉంది. "డిప్రెషన్ మాత్ర వాడుతున్నాను" అని మాత్రమే చెబితే డాక్టరు మొదటిది రాస్తారు, రెండోది ఆ రోజుతో ఆగిపోతుంది. ఆగిపోయిందని మీకూ తెలియదు, వారికీ తెలియదు. నెలల తరబడి వాడిన క్లోనజెపామ్, అదే రకానికి చెందిన అల్ప్రాజోలామ్, లోరాజెపామ్ హఠాత్తుగా ఆపితే నిద్ర పట్టదు, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి వస్తుంది. డాక్టరు చెప్పిన లెక్క ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించుకుంటూ రావలసిన మందులివి. వీటి మీద మద్యం అసలు పనికిరాదు. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

ఏడు వారాలు ఆగవలసిన పని లేదు. ఈ మందులు సైకియాట్రిస్టే రాయాలన్న నియమం లేదు. ఫ్యామిలీ డాక్టరు, నర్స్ ప్రాక్టీషనరు (మందులు రాసే అర్హత ఉన్న నర్సు), యూనివర్సిటీ హెల్త్ సెంటరులోని డాక్టరు, ఎవరైనా అపాయింట్‌మెంటు తేదీ వరకు సరిపడా రాయవచ్చు. అయితే ఫోను చేసినప్పుడు "మందు ఆరు రోజుల్లో అయిపోతుంది" అన్నదే మీ మొదటి వాక్యం కావాలి. "కొత్త పేషెంటుని, అపాయింట్‌మెంటు కావాలి" అంటే కంప్యూటరులో ఖాళీగా ఉన్న తేదీ ఇచ్చేస్తారు. మందు తెగిపోతోందని చెబితే అదే మనిషి నర్సును పిలిచి వేరే దారి చూస్తారు. మనవాళ్ళు మొహమాటంతో ఈ ఒక్క మాటే మింగేస్తారు. ఆ అమ్మాయిని మంగళవారమే పిలిచారు. స్ట్రిప్పులు పట్టుకుని వెళ్ళమన్నాను, వెళ్ళింది. రెండు మందులూ విడివిడిగా రాశారు.

ఇంకా విమానం ఎక్కనివారు మీ డాక్టరు దగ్గర ఇంగ్లీషులో ఒక ఉత్తరం తీసుకోండి. జబ్బు పేరు, మందుల అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములు, ఎప్పటి నుంచి, ఇంతకుముందు ఏ మందు పడలేదు, ఇవన్నీ అందులో ఉండాలి. మన దగ్గరి బ్రాండు పేర్లు ఇక్కడి ఫార్మసీలో ఎవరికీ తెలియవు. మాత్రలు స్ట్రిప్పులలోనే ఉంచి, చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. అయిపోయాక ఇంటి నుంచి కొరియర్‌లో తెప్పించుకుందామనుకోవద్దు. నియంత్రణలో ఉన్న మందులు అలా పంపడం ఇక్కడ చట్ట విరుద్ధం. ప్రయాణంలో పగలు రాత్రి తారుమారవుతాయి కాబట్టి మాత్ర వేళను ఎలా మార్చుకోవాలో కూడా బయలుదేరక ముందే అడగండి. బైపోలార్ (మనసు ఒకసారి ఉన్మాదంలోకి, ఒకసారి కుంగుబాటులోకి ఊగే జబ్బు) ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు, ఒక్క రాత్రి నిద్ర తప్పినా ఉన్మాదం తిరగబెట్టవచ్చు.

ఇక్కడ మందు నారింజ రంగు సీసాలో ఇస్తారు. సీసా మీది కాగితంలో ఇంకా ఎన్నిసార్లు మళ్ళీ నింపుతారో అంకె ఉంటుంది. అది సున్నా అయిందంటే డాక్టరు ఆఫీసుకు ఫోను చేయవలసింది మీరే. వారం ముందే చేయండి. ఒక నెల తెల్లగా గుండ్రంగా ఉన్న మాత్ర మరుసటి నెల పసుపుగా, పొడుగ్గా రావచ్చు. తయారుచేసిన కంపెనీ మారి ఉంటుంది. పేరు, మిల్లీగ్రాములు సరిచూసుకోండి, సందేహం ఉంటే ఫార్మసిస్టును అడగండి. "ఇది నా మాత్ర కాదు" అని పక్కన పెట్టేసి వారం తర్వాత వార్డుకు వచ్చినవారిని చూశాను.

బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవారి గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఈ మందులో మేలు చేసే మోతాదుకూ హాని చేసే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో లీటరుకు సుమారు 0.6 నుంచి 1.2 మిల్లీ ఈక్వివలెంట్ల మధ్య ఉండాలి, 1.5 దాటితే ప్రమాదం. మూత్రపిండాలు లిథియాన్నీ ఉప్పులోని సోడియాన్నీ దాదాపు ఒకేలా చూస్తాయి. ఒంట్లో ఉప్పు, నీరు తగ్గితే సోడియంతో పాటు లిథియాన్ని కూడా బయటికి వదలకుండా పట్టి ఉంచుతాయి. మందు పెరగకపోయినా రక్తంలో దాని పాళ్ళు పెరిగిపోతాయి.

కొన్నేళ్ళ కిందట శివరాత్రి తర్వాత లిథియం వాడే ఒక కుర్రవాడిని తీసుకువచ్చారు. మాట ముద్దగా వస్తోంది, నడక తూలుతోంది, చేతులు పెద్దగా వణుకుతున్నాయి. తాగి వచ్చాడేమోనని గదిలోని స్నేహితులు అనుకున్నారట. మంచినీళ్ళు కూడా ముట్టకుండా ఉపవాసం, జాగరణ చేశాడు. అంతకు నాలుగు రోజుల ముందు నుంచి నడుము నొప్పికి ఇంటి నుంచి తెచ్చుకున్న మాత్రలు వేసుకుంటున్నాడు. వాటిలో పారాసిటమాల్‌తో పాటు ఇబుప్రోఫెన్ ఉంది. లిథియాన్ని ఒంట్లో నిలవేసే మందుల్లో ఇబుప్రోఫెన్ ఒకటి. మన కాంబిఫ్లామ్‌లో, ఇక్కడి అడ్విల్‌లో, మోట్రిన్‌లో ఉండేది అదే. ఆ మాత్ర సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. తెలుగులో అడిగితే రెండు నిమిషాల్లో చెప్పాడు.

కాబట్టి లిథియం వాడేవారికి నొప్పి, జ్వరం వస్తే పారాసిటమాల్ తీసుకోవచ్చు, ఇక్కడ దాన్ని ఎసిటమినోఫెన్ అంటారు. ఉప్పు లేని పథ్యం మొదలుపెట్టినా, ఎవరైనా బీపీ మాత్ర కొత్తగా రాసినా లిథియం రాసే డాక్టరుకు ముందు తెలియాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజే ఫోను చేయాలి. ఉపవాసం ఉండితీరాలనుకుంటే పాలు, పండ్లు, ఉప్పు వేసిన మజ్జిగ తీసుకునే ఉపవాసం ఉండండి, అది కూడా అడిగి. జాగరణ మాత్రం వద్దనే చెబుతాను. రక్తపరీక్షకు వెళ్ళేటప్పుడు రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు రక్తం ఇవ్వాలి, పొద్దుటి మాత్ర ఆ తర్వాతే. పొద్దున్నే వేసుకుని వెళితే అంకె ఎక్కువ చూపించి అనవసరంగా డోసు తగ్గిస్తారు.

ఉపవాసాల మాట వచ్చింది కనుక, భ్రమలకు, ఉన్మాదానికి ఇచ్చే మందుల గురించి ఇంకొకటి. లురాసిడోన్ మాత్రను కనీసం 350 కేలరీల భోజనంతో, జిప్రాసిడోన్‌ను సుమారు 500 కేలరీల భోజనంతో వేసుకోవాలి. పరగడుపున వేసుకుంటే మందులో చాలా భాగం ఒంటికి పట్టదు. అరటిపండు, గ్లాసు పాలు చాలవు. శనివారం రాత్రి ఫలహారంతో సరిపెట్టుకునేవారు ఆ సంగతి డాక్టరుకు చెబితే వేళ మార్చి ఇస్తారు. ఒలాంజపీన్, క్వెటియాపీన్ వాడేవారికి ఆకలి, బరువు పెరుగుతాయి, చక్కెర పెరుగుతుంది. మన కుటుంబాల్లో మధుమేహం ఎంత ఉందో చెప్పనక్కరలేదు కాబట్టి మొదట్లో ఒకసారి, మూడు నెలలకు ఒకసారి, ఆపై ఏటా చక్కెర, కొలెస్ట్రాల్ చూపించుకోండి. క్లోజపీన్ వాడేవారు రెండు రోజులు మాత్ర తప్పితే పాత డోసుతో మళ్ళీ మొదలుపెట్టకూడదు, అతి చిన్న డోసు నుంచి ఎక్కుతూ రావాలి.

ఇంట్లోవారికి ఒక మాట. ఈ రకం మందులు మొదలుపెట్టిన కొత్తలో కొందరు కాలుకాలిన పిల్లిలా తిరుగుతారు, కూర్చోలేరు, నిలబడలేరు. జబ్బు ముదిరిందనుకుని ఇంకో మాత్ర ఎక్కువ వేస్తే బాధ ఇంకా పెరుగుతుంది. అది మందు వల్ల వచ్చే చలనం, డాక్టరు తగ్గించగలరు. మరికొందరికి మెడ ఒకవైపు తిరిగిపోవడం, కనుగుడ్లు పైకి పోవడం జరుగుతుంది. గాలి సోకిందని దిష్టి తీస్తూ కూర్చోకుండా ఎమర్జెన్సీకి తీసుకువెళ్ళండి. సరైన ఇంజెక్షను పడితే నిమిషాల్లో సర్దుకుంటుంది. తీవ్రమైన జ్వరంతో ఒళ్ళు కర్రలా బిగుసుకుపోతే 911కి ఫోను చేయండి, అది ప్రాణాపాయం.

డిప్రెషన్ మాత్రలు మొదలుపెట్టినా, డోసు మార్చినా మొదటి వారాలు మనిషిని ఒంటరిగా వదలకండి. 24 ఏళ్ళ వరకు వయసున్నవారిలో మొదట్లో ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చని అమెరికా ఔషధ సంస్థ ఈ మందుల కాగితాల మీద నల్ల గీతల గడిలో హెచ్చరిక వేయించింది. పిల్లల విషయంలో 2004లో, యువకుల విషయంలో 2007లో. చదువుకు వచ్చే మన పిల్లల వయసు సరిగ్గా అదే. వికారం, నిద్ర తేడా మొదటి వారంలోనే వస్తాయి, మేలు కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మనసు తేలికపడకముందే ఒంట్లో శక్తి వస్తుంది, మేము భయపడేది ఆ రోజులకే. ఆత్మహత్య ఆలోచనలు వచ్చినప్పుడు సాయానికి ఉన్న 988 నంబరుకు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, అనువాదకుడిని అడగవచ్చు. ఈ మాత్రలు వాడుతూ డెక్స్‌ట్రోమెథార్ఫాన్ ఉన్న దగ్గు మందు ఫార్మసిస్టును అడగకుండా తాగవద్దు. ఇక్కడి సీసాల మీద పేరు చివర డీఎం అన్న అక్షరాలు ఉంటాయి.

తల్లిదండ్రులను ఆసుపత్రికి తీసుకువెళ్ళినప్పుడు మీరే అనువాదం చేయకండి. కూతురి ముందు ఏ తల్లీ చచ్చిపోవాలనిపిస్తోందని చెప్పదు. తెలుగు అనువాదకుడు కావాలని అడగండి. ప్రభుత్వ నిధులు తీసుకునే ఆసుపత్రులు ఉచితంగా ఏర్పాటు చేయాలి. బెంగ, గుండె దడ, ఒళ్ళంతా మంటలు అని మన పెద్దవాళ్ళు చెప్పేది ముక్కస్య ముక్కగా ఇంగ్లీషులోకి వెళితే గుండె పరీక్షలు, చర్మ పరీక్షలు అవుతాయి తప్ప మనసు సంగతి తేలదు. వారు రాత్రి వేసుకునే చిన్న మాత్రను నిద్రమాత్ర అనో నరాల మాత్ర అనో పిలుస్తారు. తరచుగా అది అల్ప్రాజోలామ్ అవుతుంది. ఆరు నెలలు ఉండటానికి వచ్చినవారి దగ్గర ఎన్ని నెలల మాత్రలున్నాయో మొదటి రోజే చూడండి. పాత జబ్బులకు సందర్శకుల బీమా తరచుగా వర్తించదు.

వార్డులో నేను "అర్థమైందా?" అని అడగడం మానేశాను. మనవాళ్ళు మర్యాదకు తల ఊపుతారు. "రాత్రి మాత్ర మరచిపోయారనుకోండి, పొద్దున ఏమి చేస్తారు?" అని అడుగుతాను. రెండూ కలిపి వేసుకుంటానని చెప్పేవారు ఎంతమందో! అలా ఎప్పుడూ చేయవద్దు. మరచిన మాత్ర సంగతి ఏమి చేయాలో ఒక్కో మందుకు ఒక్కో లెక్క, చీటీ రాసిన రోజే అడిగి రాసుకోండి.

వీసా భయంతో చికిత్స దాచేవారికి: మాత్ర వేసుకున్నంత మాత్రాన వీసా పోదు. గ్రీన్ కార్డు వైద్య పరీక్షలో మానసిక జబ్బుల విషయంలో ముఖ్యంగా చూసేది జబ్బుతో ముడిపడిన హానికర ప్రవర్తన ఉందా లేదా అన్నది. విద్యార్థులు డాక్టరు లేఖతో కోర్సులు తగ్గించుకోవచ్చు, కానీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయం అనుమతి ముందే తీసుకోవాలి. తర్వాత చెబుదామనుకుంటే విద్యార్థి వీసా హోదా దెబ్బతింటుంది.

ఆ అమ్మాయి మార్చిలో మళ్ళీ ఫోను చేసింది. నిద్ర బాగుంది, క్లోనజెపామ్‌ను డాక్టరు నెలనెలా తగ్గిస్తున్నారు. ఎస్సిటాలోప్రామ్ ఇంకెంతకాలం అని అడిగింది. మొదటిసారి వచ్చిన డిప్రెషన్‌కు పూర్తిగా తేరుకున్నాక కూడా కనీసం ఆరు నెలలు కొనసాగిస్తారని, ఆపైన మందు తగ్గించడం మొదలుపెట్టే తేదీ డాక్టరుతో కలిసి పెట్టుకోవాలని చెప్పాను. నవంబరులో మాత్రం పెట్టుకోవద్దన్నాను. "పరీక్షలయ్యాక, వేసవిలో మొదలుపెడదామన్నారక్కా" అంది.