నలభై పేపర్లా, రెండొందలా?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ పూర్తి చేసింది. ఆర్‌ఎన్‌ఏ (కణంలో జన్యువుల సందేశాన్ని మోసే పదార్థమట) మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ దగ్గర పీహెచ్‌డీకి చేరతానంటోంది. ఆయనవి నలభై పరిశోధన పేపర్లే, మధ్యలో మూడేళ్ళు ఒక్కటీ లేదు. రెండొందలున్న ఇంకొకాయన్ని వదులుకుంటారా అని మా బావగారు కోప్పడుతున్నారు. నాకు టెన్షన్‌గా ఉంది. సైన్సు తెలియనిదాన్ని, ఆ జాబితాలో ఏం చూడాలి?
– ఒక తల్లి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: అమ్మా, మీ బావగారి లెక్క కాసేపు పక్కన పెట్టండి. ముందు ఒక్కో పేపర్ మీద రాసినవాళ్ళ పేర్ల వరుస చూడండి. ఈ రంగంలో చేత్తో ప్రయోగం చేసినవాళ్ళ పేరు సాధారణంగా మొదట వస్తుంది, ల్యాబ్ పెద్దది చివర. మధ్యలో పేర్లంటారా, పెళ్ళికొచ్చిన బంధువులే. కొందరు వంటశాలలో చెమటోడ్చి ఉంటారు, కొందరు భోజనాల వేళకు వచ్చి ఉంటారు. ఆ రెండొందలాయన పేరు ఎన్నిసార్లు మధ్యలో ఉందో అమ్మాయిని లెక్కపెట్టమనండి. ఈయన జాబితాలో మొదటి పేరు మారుతూ, చివర ఈయన పేరుంటే, అక్కడ పిల్లలకు పనితోపాటు పేరూ దక్కుతోందన్నమాట. నేనైతే దానికే ఎక్కువ మార్కులు వేస్తాను.

ఇక ఆ మూడేళ్ళ ఖాళీ. అమెరికా శాస్త్రవేత్త విక్టర్ ఆంబ్రోస్ సంగతి చెబుతాను. ఆయన పట్టుకున్నది మిల్లీమీటరు పొడవుండే ఒక పురుగు. అందులో లిన్-4 అనే జన్యువు ఏ ప్రొటీన్ చేస్తుందా అని వెతికితే, ప్రొటీనే లేదు. 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క తేలింది. అది లిన్-14 అనే మరో జన్యువు పంపిన సందేశానికి అతుక్కుని, ప్రొటీన్ తయారీని ఆపేస్తుంది. హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు దక్కక డార్ట్‌మత్‌కు మారిన రోజులవి. 1993లో ‘సెల్’ పత్రికలో పేపర్ వచ్చింది. మొదటి పేరు ఆయన భార్య రోజలిండ్ లీది, చివరిది ఆయనది. అదే సంచికలో, లిన్-14 మీద పనిచేస్తున్న మరో శాస్త్రవేత్త గ్యారీ రవ్‌కున్ ల్యాబ్ పేపరూ ఉంది. అయినా పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు, పురుగులో ఏదో వింత అనుకున్నారు. 2000లో రవ్‌కున్ ల్యాబ్‌కు లెట్-7 అనే అలాంటిదే మరో చిన్న ఆర్‌ఎన్‌ఏ దొరికి, అది మనిషిలోనూ ఉందని తేలాక అందరూ అటు తిరిగారు. 2024లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. రోజలిండ్‌కు రాలేదు, అది వేరే బాధ.

1996లో ఆంబ్రోస్ జాబితాను మీ బావగారికి చూపించి ఉంటే ఏమనేవారో ఊహించుకోండి! కోవిడ్ ఆర్‌ఎన్‌ఏ టీకాలకు దారివేసిన కాటలిన్ కరికో జాబితా అయినా అంతే. 1995లో ఆమెను పెన్సిల్వేనియా యూనివర్సిటీలో కింది హోదాకు దించారు. ఆర్‌ఎన్‌ఏలో యురిడిన్ అనే అక్షరం బదులు దాన్ని పోలిన సూడోయురిడిన్ పెడితే శరీరం ఆర్‌ఎన్‌ఏ మీద అంతగా తిరగబడదని చూపిన పేపర్ 2005లో వచ్చింది. అందులో మొదటి పేరు ఆమెది, చివరిది ఆమెతో కలిసి పనిచేసిన డ్రూ వైస్‌మన్‌ది.

అలాగని ఖాళీ ఉన్న ప్రతి ప్రొఫెసరూ ఆంబ్రోస్ అని నేననను. ఊరికే కూర్చున్నవాళ్ళనూ చూశాను. ఖాళీకి ముందు, తర్వాత ఆయన ఒకే ప్రశ్న వెంట ఉన్నారా లేదా అన్నది పేపర్ల పేర్లు చదివితే తెలుస్తుంది. చివరగా, సంబంధానికి వాకబు చేసినట్టు, ఆ ల్యాబ్‌ నుంచి బయటికొచ్చిన ఇద్దరు పిల్లలకు అమ్మాయిని ఫోన్ చేయమనండి. ఎన్నేళ్ళకు డిగ్రీ చేతికొచ్చిందో అడిగితే చాలు.

ప్రశ్న: ప్రయోగం కోసం కణాల నుంచి ఎన్నిసార్లు తీసినా నా ఆర్‌ఎన్‌ఏ పాడైపోతోంది. నా చేతులదే తప్పంటున్నారు మా మేడం. నిజమేనా సార్?
– ఒక విద్యార్థి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: చాలావరకు నిజమే నాయనా. ఆర్‌ఎన్‌ఏను ముక్కలు చేసే ఎంజైములు మన చర్మం మీదే ఉంటాయి. కొన్ని మరిగించినా ఓ పట్టాన చావవు. నా ఎంఫిల్ రోజుల్లో ఎలుక కాలేయం నుంచి రెండు రోజులు కష్టపడి ఆర్‌ఎన్‌ఏ తీశాను. ఉక్కపోతకు గ్లౌజు విప్పి, నుదురు తుడుచుకుని, అదే చేత్తో ట్యూబు మూత తీశాను. ఆర్‌ఎన్‌ఏ ముక్కలను పొడవును బట్టి విడదీసే జెల్ మీద 28ఎస్, 18ఎస్ అనే ఆర్‌ఎన్‌ఏలవి రెండు గీతలు చక్కగా రావాలి. నాకొచ్చింది కింది దాకా అలుక్కుపోయిన మరక. గ్లౌజులు తరచూ మార్చు, ఆర్‌ఎన్‌ఏ పనికి పిపెట్ టిప్పుల డబ్బా విడిగా పెట్టుకో. ఫోన్ పట్టుకున్న గ్లౌజుతో మాత్రం ట్యూబు ముట్టుకోకు.