మొదటి కెమెరాకే లక్షన్నర పెట్టాలా?

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తి చేశాడు. ఫొటోగ్రఫీలోనే స్థిరపడతానంటున్నాడు. ఫుల్‌ఫ్రేమ్ కెమెరా (వెలుతురును పట్టే సెన్సర్ పెద్దగా ఉండేది) లేకపోతే లాభం లేదని, ఈఎంఐలోనైనా లక్షన్నర పెట్టి కొనమని పట్టుబట్టాడు. నా చేతిలో 40 వేలకు మించి లేవు. అప్పు చేయమంటారా?
- ఒక తండ్రి, నల్గొండ

జవాబు: వద్దండీ. అబ్బాయి ఇష్టాన్ని కాదనమనడం లేదు, ఆ కెమెరా ఇప్పుడే వద్దంటున్నాను. ఆ డబ్బులో చాలావరకు బాడీకే (లెన్సు లేని కెమెరాకే) పోతుంది, దానికి తగ్గ లెన్సులకు మళ్లీ అప్పే. నెలనెలా వాయిదా తరుముతుంటే, నేర్చుకోవాల్సిన కుర్రాడు కనిపించిన ఫంక్షనల్లా ఒప్పేసుకుంటాడు.

మీ 40 వేలల్లో సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే, లెన్సులు మార్చుకోగల కెమెరా) చూడండి. అందరూ అద్దం లేని మిర్రర్‌లెస్‌ కెమెరాలకు మారుతున్నారు కాబట్టి నికాన్ డీ5600, కెనాన్ 200డీ లాంటివి బాగానే అమ్మకానికి వస్తున్నాయి. వీడియో మీద కూడా మనసుంటే కెనాన్ మేలు, స్క్రీన్ చూస్తూ తీసేటప్పుడు దాని ఫోకస్ చురుగ్గా ఉంటుంది. వీటి 24 మెగాపిక్సెళ్లు చాలవంటాడేమో. 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) 20 అంగుళాల వెడల్పు ప్రింటు శుభ్రంగా వస్తుంది, ఇప్పటికి అది చాలు.

మిగిలిన డబ్బు లెన్సుకు దాచండి. కెమెరాతో వచ్చే 18-55ఎంఎం లెన్సును పూర్తిగా జూమ్ చేస్తే ఎఫ్/5.6కే ఆగుతుంది. ఎఫ్ పక్కన అంకె తగ్గేకొద్దీ లెన్సు ఎక్కువ వెలుతురు తీసుకుంటుంది. ఎఫ్/1.8 లెన్సు దానికి తొమ్మిది రెట్లకు పైగా వెలుతురు లాగుతుంది. ఫంక్షన్ హాల్లో తేడా తెలిసేది అక్కడే. అందరూ 50ఎంఎం కొనమంటారు గానీ, ఈ కెమెరాల్లోని చిన్న సెన్సర్ల మీద అది 75-80ఎంఎం లెన్సులా దగ్గరగా చూపిస్తుంది. మన ఇళ్ల గదుల్లో వీపు గోడకు ఆనించినా నలుగురు పట్టరు. 35ఎంఎం నయం. ఇంకో చిక్కు: డీ5600 బాడీలో ఫోకస్ మోటారు ఉండదు. చవగ్గా వస్తోంది కదా అని పాత 'ఏఎఫ్-డి' లెన్సు కొంటే ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి. పేరులో 'ఏఎఫ్-ఎస్' (లెన్సులోనే మోటారు ఉండే రకం) ఉందో లేదో చూసుకోమనండి.

కొనేటప్పుడు అబ్బాయి తన మెమరీ కార్డు తనే తీసుకెళ్లాలి. ఎఫ్/16 పెట్టి తెల్లగోడను ఒక ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే సెన్సర్ మీది దుమ్ము మచ్చలు బయటపడతాయి. లెన్సులోంచి సెల్‌ఫోన్ లైటు వేస్తే సాలెగూడులాంటి ఫంగస్ ఉంటే కనిపిస్తుంది. ఫంగస్ ఉంటే ఎంత తగ్గించినా వద్దు. బిల్లు మీది సీరియల్ నంబరు, కెమెరా అడుగున ఉన్నదీ ఒకటేనా చూడండి.

ఇక చదువు. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ ఉంది, ఎంట్రన్స్ రాయాలి. నేనైతే ముందు దాని సంగతి చూడమంటాను. సెలవుల్లో మీ ఊరి పెళ్లి ఫొటోగ్రాఫర్ దగ్గర అసిస్టెంటుగా చేరనివ్వండి. మొదట్లో లైటు పట్టుకోవడమే పని, పట్టుకోనివ్వండి.

సొంతంగా పెళ్లి ఆర్డరు ఒప్పుకునే రోజు వస్తే మాత్రం ఈ కెమెరా చాలదు. దీనికి కార్డు స్లాటు ఒక్కటే. జీలకర్ర-బెల్లం పెట్టే క్షణంలో కార్డు పాడైతే మళ్లీ పెట్టించలేం కదా! రెండు స్లాట్ల ఫుల్‌ఫ్రేమ్ ఆ రోజుకు అద్దెకు తెచ్చుకోవచ్చు. సీజన్‌లో నెలకు కట్టే అద్దె ఈఎంఐని మించిందంటే అప్పుడు కొనుక్కోమనండి, వాయిదాలు కూడా వాడే కట్టుకుంటాడు.