రోగికి నిజం చెప్పవద్దని ఇంటివారు అంటే నర్సు ఏం చేయాలి?

ఆసుపత్రి ఉద్యోగం నుంచి ఇళ్లకు వెళ్లి సేవ చేసే పనికి మారుతున్నానని, అక్కడ జబ్బు సంగతి రోగికి చెప్పవద్దని కుటుంబం పట్టుబడితే ఏం చేయాలో తోచడం లేదని మీరు రాశారు. చాలా ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న నర్సుగా నేను గమనించినంతవరకు, రోగితో ఒంటరిగా మాట్లాడే వీలు లేకపోవడం వల్లే ఈ చిక్కు ముదురుతుంది.

ఆసుపత్రిలో బంధువులను కాసేపు బయట కూర్చోమంటే ఎవరూ నొచ్చుకోరు. ఇంట్లో తలుపు తీసేదీ, కుర్చీ వేసేదీ, రోగికి రాత్రి ఎలా గడిచిందో చెప్పేదీ వారే కాబట్టి, రోగిని అడిగిన ప్రశ్నకు కూడా జవాబు వారి నుంచే వస్తుంది. “తట్టుకోలేరు, చెప్పకండి” అనే మాటలో ప్రేమ ఉంటుంది, భయమూ ఉంటుంది. అందుకు వారిని తప్పుపట్టడం నాకు ఇష్టం లేదు. ప్రపంచ వైద్య సంఘం 1948లో ఆమోదించిన, వైద్యులు చేసే ప్రమాణమైన జెనీవా ప్రకటనలో, రోగి తన విషయం తానే నిర్ణయించుకునే హక్కును గౌరవిస్తానన్న వాక్యం 2017లో గానీ చేరలేదు. వైద్యులకే అంతకాలం పట్టిన విషయం దిగులుతో ఉన్న కుటుంబానికి ఒక్కరోజులో అర్థం కావాలనుకోవడం న్యాయం కాదు.

రొమ్ము మీద పుండుతో ఉన్న ఒక పెద్దావిడకు నేను డ్రెస్సింగ్ మార్చేదాన్ని. అది మామూలు గడ్డేనని ఇంట్లో అందరూ ఆమెకు చెప్పారు. ఒకరోజు కూతురు వేడినీళ్ల కోసం లోపలికి వెళ్లినప్పుడు, వాసన తగ్గడానికి నేను మెట్రోనిడజోల్ పొడి చల్లుతుండగా, ఆమె నా మణికట్టు పట్టుకుని “ఇది క్యాన్సరే కదా?” అని అడిగారు. కట్టు పూర్తిచేసి, దుప్పటి కప్పి, ఆమె ముఖానికి ఎదురుగా కూర్చుని, అలా ఎందుకు అనిపించిందని అడిగాను. ఆమెకు ఎప్పటి నుంచో తెలుసు. పిల్లలు బాధపడతారని అడగకుండా ఉన్నారు. అబద్ధం చెప్పనని, వివరంగా చెప్పవలసింది డాక్టరని, ఆయనను పిలిపిస్తానని అన్నాను. తర్వాత డాక్టరు వచ్చి ముందు ఆమెతో, ఆమె అనుమతితో పిల్లలతో మాట్లాడారు.

అలాగని అడగనివారికి అన్నీ చెప్పేయడమూ సరికాదు. రోగి హక్కుల మీద అదే సంఘం 1981లో ఆమోదించి, తర్వాత సవరించిన లిస్బన్ ప్రకటన, తనకు వివరాలు వద్దని స్పష్టంగా చెప్పే హక్కు, తన తరఫున ఎవరికి చెప్పాలో ఎంచుకునే హక్కు కూడా రోగికి ఉన్నాయంటుంది. కాబట్టి “మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు? ఆ మాటలు ఎవరితో మాట్లాడమంటారు?” అని రోగినే అడగండి. ప్రతిసారీ కొంతసేపు రోగితో ఒంటరిగా ఉంటానని, నేరుగా అడిగితే అబద్ధం చెప్పనని మొదటి రోజునే కుటుంబానికి తెలియజేయండి. గొడవ జరిగాక చెబితే అదే మాట అనుమానంలా వినిపిస్తుంది.

తీవ్రమైన నొప్పికి ఇచ్చే మార్ఫిన్ విషయంలో ఈ ఏకాంతం ఇంకా అవసరం; రాత్రి మందు అందిందో లేదో రోగి మనసు విప్పి చెప్పగలిగేది అప్పుడే. నొప్పికి తగిన మోతాదులో, డాక్టరు పర్యవేక్షణలో ఇచ్చే మార్ఫిన్ ప్రాణం తీయదు; అయినా ప్రాణం పోతుందనో, అలవాటు పడతారనో భయపడి, నాలుగు గంటలకోసారి ఇవ్వవలసిన ద్రవాన్ని రాత్రిపూట మానేసే ఇళ్లు ఉంటాయి. చార్టులో అన్ని మోతాదులూ ఇచ్చినట్టే రాసి ఉంటుంది, సీసాలో మాత్రం మందు మిగిలి ఉంటుంది. ఉండవలసిన దానికంటే మందు తగ్గిందంటే అది వేరే ప్రమాదం: మోతాదు మించి ఉండవచ్చు, లేదా మందు వేరొకరి చేతికి వెళ్లి ఉండవచ్చు. ఏ సందర్భంలోనైనా ఎవరినీ నిందించకుండా, వారి ఎదుటే కొలిచి, రాసుకుని, అదే రోజు డాక్టరుకు చెప్పాలి.

కానుకలు, పక్కింటివారి ఆరాలు మర్యాదగా తప్పించుకోదగినవే. గదిలో కెమెరా ఉంటే, బట్టలు తీసే సమయంలో ఆపమని అడగడానికి మొహమాటపడవద్దు.

నన్ను అన్నిటికంటే కలవరపెట్టేది సంరక్షకుల నిర్లక్ష్యం. పడక పుండు కనిపించగానే నేరం అనుకోకూడదు. రెండు గంటలకోసారి రోగిని పక్కకు తిప్పుతూ రాత్రంతా మేలుకున్న మనిషి ఒక వేకువన నిద్రపోయి ఉండవచ్చు. అలాంటివారికి కావలసింది సాయం. చెప్పే కారణానికి పొసగని దెబ్బలు కనిపిస్తే మాత్రం, చూసింది చూసినట్టు రాసి, పై అధికారికి అదే రోజు తెలియజేయాలి. ఆ తర్వాత ఆ ఇంటి తలుపు మనకు మూసుకుపోవచ్చు కాబట్టి, మర్నాడు రోగికి ఇన్సులిన్ ఎవరు ఇస్తారో, కట్టు ఎవరు మారుస్తారో ఫిర్యాదుతో పాటే తేల్చుకోండి.