ఆస్ట్రేలియా సిటిజన్‌షిప్ టెస్ట్: పాపను ఎవరి అప్లికేషన్‌లో చేర్చాలి?

మీరు అడిగినవి: ఇద్దరికీ పీఆర్ (ఆస్ట్రేలియాలో శాశ్వత నివాస వీసా) ఉంది, ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉన్న ఆరేళ్ల పాప ఉంది, పాప కూడా టెస్ట్ రాయాలా, ముగ్గురికీ ఒకే అప్లికేషన్ సరిపోతుందా, టెస్ట్ రోజు పాపను ఏం చేయాలి?

పాపకు టెస్ట్ లేదు. 18 నిండనివాళ్లకు, 60 దాటినవాళ్లకు ఆ పరీక్షే ఉండదు. కానీ భార్యాభర్తలిద్దరూ ఒకే అప్లికేషన్‌లో వెళ్లడం కుదరదు, ఇమ్మీఅకౌంట్‌లో (వీసాలు, సిటిజన్‌షిప్ చూసే హోం అఫైర్స్ శాఖ ఆన్‌లైన్ ఖాతా) ఎవరిది వాళ్లే పెట్టుకోవాలి. 16 ఏళ్లలోపు పిల్లల్ని మాత్రం ఇద్దరిలో ఒకరి ఫారంలో చేర్చవచ్చు, దానికి అదనంగా ఫీజు కట్టక్కర్లేదు. ఇప్పుడు వదిలేసి తర్వాత పాపకు విడిగా పెడితే ఫీజు పడుతుంది.

అంతకంటే ముందు ఒకటి చూసుకోండి. పాప ఆస్ట్రేలియాలోనే పుట్టి, పుట్టేనాటికి మీ ఇద్దరిలో ఎవరికైనా పీఆర్ వచ్చి ఉంటే తను పుట్టుకతోనే సిటిజన్. అప్లికేషన్‌లో చేర్చాల్సిన పనే లేదు. అదే మీరు స్టూడెంట్ వీసాలోనో వర్క్ వీసాలోనో ఉన్నప్పుడు పుట్టి ఉంటే ఇక్కడ పుట్టినంత మాత్రాన సిటిజన్‌షిప్ రాదు, ఇక్కడే ఉంటూ పదేళ్లు నిండితేనే వస్తుంది. మీ పాప ఇండియన్ పాస్‌పోర్ట్ మీద ఉందన్నారు కాబట్టి రెండో రకమో, ఇండియాలో పుట్టిందో అయి ఉండాలి.

ఇక ఎవరి ఫారంలో చేర్చాలన్నదే ఇందులో అసలు విషయం. చాలామంది ఆలోచించకుండా నాన్న ఫారంలో పెట్టేస్తారు. పాప ఎవరి ఫారంలో ఉంటే వాళ్లతోపాటే సిటిజన్ అవుతుంది. వాళ్ల టెస్ట్ ఆలస్యమైతే పాపదీ ఆగుతుంది. అందుకని ఇద్దరిలో రెసిడెన్స్ లెక్క ఎవరిది శుభ్రంగా ఉందో వాళ్ల ఫారంలో పెట్టండి. లెక్క ఇదీ: అప్లై చేసే రోజుకు ముందు 4 ఏళ్లు చెల్లుబాటయ్యే వీసా మీద ఆస్ట్రేలియాలో ఉండాలి, అందులో చివరి 12 నెలలు పీఆర్‌గా ఉండాలి. ఆ 4 ఏళ్లలో దేశం బయట గడిపింది మొత్తం 12 నెలలు మించకూడదు, చివరి 12 నెలల్లో 90 రోజులు మించకూడదు.

ఉదాహరణకు 2022 మార్చి 1న స్టూడెంట్ వీసా మీద దిగినవాళ్లకు 2025 ఫిబ్రవరి 10న పీఆర్ వచ్చిందనుకోండి. పీఆర్ ఏడాది 2026 ఫిబ్రవరి 10కే నిండుతుంది గానీ నాలుగేళ్లు నిండడానికి మార్చి 1 దాకా ఆగాలి. మనవాళ్లు దెబ్బతినేది ఎక్కువగా 90 రోజుల దగ్గరే. అమ్మానాన్నలకు ఒంట్లో బాగోలేదనో ఇంట్లో పెళ్లనో ఇద్దరిలో ఒకరు పిల్లల్ని తీసుకుని వెళ్లి మూడు నాలుగు నెలలు ఉండిపోతారు. అలా వెళ్లినవాళ్ల ఫారంలో పాపను పెట్టకండి. పాప కూడా వాళ్లతో అన్ని రోజులూ ఇండియాలో ఉంది కదా అని కంగారు పడొద్దు, పిల్లలకు ఈ రోజుల లెక్క లేదు, పీఆర్ ఉంటే చాలు. హోం అఫైర్స్ సైట్‌లో రెసిడెన్స్ కాలిక్యులేటర్ ఉంది, పాస్‌పోర్ట్ స్టాంపులు ముందు పెట్టుకుని ప్రతి ప్రయాణం తేదీ అందులో వేయండి. లెక్క సరిపోయిన మర్నాడే కాకుండా రెండు వారాలు ఆగి అప్లై చేస్తే ఒకటి రెండు రోజుల తేడాతో రిజెక్ట్ అయ్యే భయం ఉండదు.

డాక్యుమెంట్లలో మనకు వచ్చే చిక్కంతా పేర్లదే. బర్త్ సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్ట్‌లో పూర్తిగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. పాప ఇండియాలో పుట్టి, నామకరణానికి ముందే సర్టిఫికెట్ తీసుకుని ఉంటే అందులో పేరే ఉండదు. పుట్టిన చోటి మున్సిపాలిటీలోనో పంచాయతీలోనో పేరు చేర్పించుకోవచ్చు, లేట్ ఫీజుతో 15 ఏళ్ల దాకా వీలుంది. ఊళ్లో ఎవరో ఒకరు తిరగాల్సిన పని కనుక ఇది ముందు మొదలుపెట్టండి. తల్లిదండ్రులిద్దరి పేర్లూ ఉన్న సర్టిఫికెటే కావాలి.

ఫారం 1195 (మీరు మీరేనని ఇంకొకరు ధ్రువీకరించే పత్రం) పాపకూ విడిగా కావాలి. అందులో సంతకం పెట్టేవాళ్లు ఆస్ట్రేలియా సిటిజన్ అయి, మీకు చుట్టం కాకుండా, కనీసం ఏడాదిగా తెలిసి, లిస్టులో ఉన్న వృత్తిలో ఉండాలి. మీ జీపీ (ఫ్యామిలీ డాక్టర్) సిటిజన్ అయి, ఏడాదిగా మీరు ముగ్గురూ ఆయన దగ్గరికే వెళ్తుంటే ఒక్క అపాయింట్‌మెంట్‌లో మూడూ అయిపోతాయి. ఫొటో వెనక కూడా ఆయన రాసి సంతకం పెట్టాలి, క్లినిక్ నుంచి బయటికి రాకముందే ఫొటోలు తిప్పి చూసుకోండి.

టెస్ట్ ఇంగ్లిష్‌లో, కంప్యూటర్ మీద, 45 నిమిషాలు, 20 ప్రశ్నలు. 15 కరెక్ట్ అయితే పాస్. కానీ 2020 నవంబర్ 15 నుంచి వాటిలో 5 ప్రశ్నలు ఆస్ట్రేలియన్ విలువల మీద ఉంటున్నాయి, ఆ ఐదూ తప్పనిసరిగా కరెక్ట్ కావాలి. 20లో 19 వచ్చినా ఆ పోయిన ఒక్కటి విలువల ప్రశ్న అయితే ఫెయిలే. చదవాల్సింది ‘అవర్ కామన్ బాండ్’ అనే ఉచిత పుస్తకం, అందులోనూ టెస్ట్‌కు సంబంధించిన మొదటి నాలుగు భాగాలు. తర్వాతి చరిత్ర భాగం పరీక్షకు రాదు.

ఇండియాలో చదువుకున్నవాళ్లు పౌరశాస్త్రం తెలుసు కదా అనుకుని పొరపాటు పడే చోట్లు కొన్నున్నాయి. మన దగ్గర చాలా రాజ్యాంగ సవరణలు పార్లమెంటులోనే అయిపోతాయి. ఇక్కడ ప్రజలంతా రెఫరెండంలో ఓటేయాలి, దేశం మొత్తం మీద మెజారిటీతోపాటు 6 రాష్ట్రాల్లో కనీసం 4 ఒప్పుకోవాలి. హెడ్ ఆఫ్ స్టేట్ ప్రధాని కాదు, రాజు. ఆయన ప్రతినిధి గవర్నర్ జనరల్. రాష్ట్రంలో మన ముఖ్యమంత్రి లాంటి పదవిని ప్రీమియర్ అంటారు. 18 దాటితే ఓటు హక్కే కాదు, ఓటేయడం తప్పనిసరి. విలువల ప్రశ్నల్లో తికమక పెట్టేవి తక్కువే. మత నియమానికి, చట్టానికి పేచీ వస్తే చట్టమే పైచేయి, పెళ్లి చేసుకోవాలా వద్దా అన్నది ఎవరికి వాళ్ల ఇష్టం, ఇంట్లో హింసకు ఏ సాకూ చెల్లదు. మన ఇళ్లలో ఎలా జరుగుతుందో కాకుండా పుస్తకంలో ఉన్నదే గుర్తుపెట్టుకోండి. సైట్‌లోని ప్రాక్టీస్ టెస్ట్ వరసగా తప్పుల్లేకుండా వచ్చేదాకా చేయండి.

ఇద్దరి అప్లికేషన్లూ ఒకే రోజు పెట్టినా టెస్ట్ లెటర్లు వేర్వేరుగా వస్తాయి, తేదీలు కలవకపోవచ్చు. కలవకపోతేనే పాపతో సుఖం. ఒకరు రాస్తుంటే ఇంకొకరు బయట చూసుకుంటారు. ఒకే టైం పడితే స్నేహితుల్ని తోడు తెచ్చుకోండి, పరీక్ష గదిలోకి పాపను రానివ్వరు, కౌంటర్ వాళ్లు చూసుకుంటారని ఆశ పెట్టుకోకూడదు. పాపను తీసుకురావాలో లేదో లెటర్‌లో చూడండి. తను రాకపోయినా తన ఒరిజినల్ పాస్‌పోర్ట్, బర్త్ సర్టిఫికెట్ మీ ఫైల్లో ఉండాల్సిందే. ముందు కౌంటర్ దగ్గర కాగితాలు చూస్తారు, తర్వాతే టెస్ట్, రిజల్ట్ అప్పటికప్పుడే తెలుస్తుంది.

పాసైతే సిటిజన్ అయిపోయినట్టు కాదు. అప్రూవల్ రావాలి, ఆ తర్వాత సాధారణంగా మీ కౌన్సిల్ (మన మున్సిపాలిటీ లాంటిది) పెట్టే సెరిమనీలో ప్రమాణం చేయాలి. అప్రూవల్ ఇచ్చే సమయానికి మీరు ఆస్ట్రేలియాలోనే ఉండాలి, కాబట్టి టెస్ట్ అయ్యాక పొడుగాటి ఇండియా ట్రిప్ పెట్టుకోకండి. 16 లోపు పిల్లలు ప్రమాణం చేయక్కర్లేదు. పాప ఎవరి ఫారంలో ఉందో వాళ్లు ప్రమాణం చేసిన రోజే తనూ సిటిజన్.

ఆ రోజుతో పీఆర్ వీసా రద్దవుతుంది, ఇండియన్ సిటిజన్‌షిప్ కూడా పోతుంది. ఆ పాస్‌పోర్ట్ మీద ఇక ప్రయాణం చేయకూడదు, సరెండర్ చేయాలి. అందుకని సెరిమనీ తర్వాతి వారాలకు టికెట్లు కొనొద్దు. పాప ఆస్ట్రేలియన్ పాస్‌పోర్ట్‌కు తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి, అది వచ్చాక ఓసీఐకి (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లు వీసా లేకుండా ఇండియా వెళ్లడానికి ఇచ్చే కార్డు) పెట్టండి. ఓసీఐ చేతికి రాకముందే ఇండియా వెళ్లాల్సి వస్తే వీసా తీసుకోవాలి. పిల్లల పాస్‌పోర్ట్ ఐదేళ్లకే అయిపోతుంది. 20 ఏళ్లు వచ్చేదాకా కొత్త పాస్‌పోర్ట్ తీసుకున్న ప్రతిసారీ దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి, కార్డు మళ్లీ చేయించుకోవాల్సింది 20 నిండాక ఒక్కసారే.